సంతకానికి వెల కట్టవచ్చా: పూల్ క్రీడాకారులు, వారి అభిమానులు

స్నూకర్ లాగే బల్ల మీది బంతులను క్యూ కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట పూల్. దాన్ని వృత్తిగా చేసుకున్నవారు అభిమానులకు ఇచ్చే ఆటోగ్రాఫ్‌కు డబ్బు తీసుకోవచ్చా అన్న ప్రశ్న వినడానికి చిన్నదే. ఆ ఆట ఎవరి మధ్య, ఎంత దగ్గరగా జరుగుతుందో గమనించినవారికి మాత్రం అది అంత చిన్నదిగా తోచదు. పోటీల్లో వాడే పూల్ బల్ల పొడవు 9 అడుగులు, వెడల్పు నాలుగున్నర అడుగులు. మన నగరాల క్లబ్బుల్లో కనిపించే 12 అడుగుల స్నూకర్ బల్ల కన్నా బాగా చిన్నది. అమెరికాలో జరిగే చాలా టోర్నమెంట్లలో ఒకే హాలులో వరుసగా బల్లలు వేసి, కొద్దిపాటి అడ్డు కట్టి, దానికి ఆనుకొనే ప్రేక్షకులకు కుర్చీలు వేస్తారు. ఓడిపోయిన ఆటగాడు క్యూ కర్ర మర విప్పి సంచిలో సర్దుకుంటూ ఉండగానే, ఒక చేతిలో తొమ్మిదో నంబరు బంతి, మరో చేతిలో మార్కర్ పెన్ను పట్టుకొని అభిమాని ఆయన ఎదుట నిలబడగలడు. ఆ క్షణంలో ఆటగాడు నవ్వి సంతకం చేయాలా, పది డాలర్లు అడగాలా అన్నదే ఇక్కడి విషయం.

ఆటోగ్రాఫ్‌కు డబ్బు తీసుకునే ఆనవాయితీ అమెరికాలో బాగా వేళ్లూనుకున్నది బేస్‌బాల్ వల్ల. 1980ల నాటికి అక్కడ క్రీడాకారుల బొమ్మలున్న కార్డులు సేకరించేవారి ప్రదర్శనలు పెద్ద వ్యాపారంగా మారాయి. పాత తరం ఆటగాళ్లు ఆ ప్రదర్శనల్లో బల్ల ముందు కూర్చుని, వరుసలో వచ్చిన వారికి ఇంత అని ధర పెట్టి సంతకాలు చేసేవారు. జో డిమాజియో వంటివారు ఏ వస్తువు మీద సంతకం చేస్తారో, దేని మీద చేయరో కూడా ముందే నిర్ణయించుకునేవారు. ఈ వ్యాపారంలో చేతులు మారినది చాలావరకు నగదు కావడంతో దాని చీకటి కోణం కూడా బయటపడింది. ఆటోగ్రాఫ్‌లు, స్మారక వస్తువుల అమ్మకం ద్వారా వచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపనందుకు పీట్ రోజ్ 1990లో అయిదు నెలల జైలుశిక్ష అనుభవించారు. డ్యూక్ స్నైడర్, విల్లీ మెకోవీ అంతటి పేరున్న ఆటగాళ్లు కూడా 1995లో ఇలాంటి కేసులోనే నేరం ఒప్పుకున్నారు.

అయితే బేస్‌బాల్‌లో ఆ ధర పుట్టడానికి ఒక కారణం ఉంది. నలభై వేల మంది పట్టే స్టేడియంలో ఆటగాడు అభిమానికి అందడు. అందని మనిషిని ఒక గంటసేపు అందుబాటులోకి తెచ్చినందుకే అక్కడ డబ్బు. వచ్చేవారు వేలల్లో ఉంటారు కాబట్టి ఆ వరుసను అదుపులో పెట్టడానికి కూడా ధర పనికి వస్తుంది. పూల్‌లో ఈ రెండూ లేవు. ఆటగాడు అందుబాటులోనే ఉంటాడు, వరుసా పెద్దగా ఉండదు. కనుక బేస్‌బాల్ వారు తీసుకుంటున్నారు కాబట్టి పూల్ వారూ తీసుకోవచ్చన్న వాదన, వినగానే న్యాయంగా అనిపించినా, పునాదిలోనే పొసగదు.

డబ్బు అడగాలనుకునే పూల్ ఆటగాడిని అత్యాశపరుడనడం కూడా అన్యాయమే అవుతుంది. వాళ్ల సంపాదన ఎలాంటిదో చూడాలి. 2024లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్ మొత్తం ప్రైజ్ మనీ 10 లక్షల డాలర్లు. విజేత ఫెదోర్ గోర్స్ట్‌కు దక్కినది 2,50,000 డాలర్లు. పూల్ చరిత్రలో ఇది చాలా పెద్ద మొత్తం. అదే 2024లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక ఆటగాడికి ఇవ్వవలసిన కనీస జీతం 7,40,000 డాలర్లు. అంటే ఏడాదంతా బెంచి మీద కూర్చున్న బేస్‌బాల్ ఆటగాడి జీతంలో మూడో వంతు, పూల్ ప్రపంచ విజేత అందుకున్న బహుమతి. బేస్‌బాల్ ఆటగాడికి దానికి తోడు బలమైన సంఘం, పింఛను, జట్టు ఖర్చుతో ప్రయాణం, వైద్యం ఉంటాయి. పూల్ ఆటగాడికి జీతమే లేదు.

విజేత తరువాతి మెట్లు ఇంకా పలచన. 2019లో లాస్ వేగాస్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్ నైన్‌బాల్ (తొమ్మిది బంతులతో ఆడే పూల్) పోటీలో 256 మంది ఆడారు. మొత్తం ప్రైజ్ మనీ 3,00,000 డాలర్లు, అందులో 50,000 డాలర్లు విజేత జాషువా ఫిలర్‌కు వెళ్లాయి. మిగిలిన రెండున్నర లక్షలను ఆ 255 మందికీ సమానంగా పంచినా మనిషికి వెయ్యి డాలర్లు కూడా రావు. పంపకం ఎలాగూ సమానంగా జరగదు, మొదటి రోజుల్లోనే ఓడినవారు ఖాళీ చేతులతో వెనుదిరుగుతారు. ఎంట్రీ ఫీజు, విమానం టికెట్టు, వారం రోజుల హోటల్ బిల్లు మాత్రం ఎవరి సొంతం వాళ్లదే. అందుకే ఎవరో ఒక డబ్బున్న ఆసామి ఖర్చులు పెట్టుకుని, గెలిస్తే వచ్చినదాంట్లో సగమో, అంతకన్నా ఎక్కువో తీసుకునే పద్ధతి ఈ ఆటలో ఎన్నో తరాలుగా నడుస్తోంది. అందువల్ల పత్రికల్లో కనిపించే ప్రైజ్ మనీ అంకెను చూసి ఆటగాడి చేతికి అందినదెంతో చెప్పలేం.

గెలిచిన డబ్బయినా వెంటనే వస్తుందన్న నమ్మకం లేని రోజులను కూడా ఈ ఆట చూసింది. ఫిలిప్పీన్స్‌లోని పంపంగా ప్రాంతం నుంచి వచ్చి, ఎంతోమంది దృష్టిలో ఈ ఆటలో అంతటివాడు లేడనిపించుకున్న ఎఫ్రెన్ రేయెస్ 2006లో అమెరికాలోని రీనో నగరంలో, ఒక టూర్‌లో (వరుస పోటీల్లో) భాగంగా జరిగిన ఎయిట్‌బాల్ అనే రకం పూల్ పోటీ గెలిచారు. ప్రకటించిన బహుమతి 5,00,000 డాలర్లు, అప్పటికి ఆ ఆటలో కనీవినీ ఎరుగని మొత్తం. పోటీ ముగిశాక, ఆ టూర్ నిర్వాహకులు ఆటగాళ్లకు ఇవ్వవలసిన సొమ్ము ఒక్కసారిగా చెల్లించలేమని చేతులెత్తేశారు. ఆ టూర్ ఆ తరువాత నిలబడలేదు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికే ఆ గతి పట్టినప్పుడు, ముప్పయ్యో నలభయ్యో స్థానంలో ఉన్న ఆటగాడు తన సంతకానికి పది డాలర్లు అడిగితే ముఖం చిట్లించుకునే హక్కు ఎవరికీ లేదు.

డబ్బు తీసుకోవాలనేవారి వాదనలో ఇంకో బలమైన అంశం ఉంది. అభిమాని పేరుతో వచ్చే ప్రతివాడూ అభిమాని కాడు. ఒకే మనిషి పది బంతులు, ఇరవై ఫొటోలు తెచ్చి సంతకాలు చేయించుకుని, వారం తిరగకుండా వాటిని ఆన్‌లైన్ వేలంలో పెడితే, లాభం అతనికి, శ్రమ ఆటగాడికి మిగులుతుంది. తన చేతిరాత మీద మరొకరు సంపాదిస్తుంటే తనకూ భాగం కావాలనడంలో తప్పు లేదు. దీనికి సులువైన ఉపాయం ఒకటి చాలామంది క్రీడాకారులకు తెలుసు: సంతకంతో పాటు ఎదుటి మనిషి పేరు కూడా రాయడం. ‘ఫలానా వారికి’ అని రాసిన బంతి నిజమైన అభిమానికి మరింత విలువైనది, వ్యాపారికి మాత్రం దాని ధర పడిపోతుంది. ఎవరికీ ధర చెప్పనవసరం లేకుండానే ఇద్దరి తేడా తెలిసిపోతుంది.

ఇంతవరకూ చెప్పినదంతా ఆటగాడికి డబ్బు అవసరమని చెబుతుంది. బల్ల పక్కన నిలబడిన అభిమాని నుంచే అది రావాలని మాత్రం చెప్పదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే అసలు సంగతి ఉంది.

పూల్ అభిమాని వట్టి ప్రేక్షకుడు కాడు, చాలావరకు అతనూ ఆటగాడే. అమెరికాలో వారానికొక సాయంత్రం ఊళ్లోని బార్లలో, పూల్ హాళ్లలో జట్లుగా ఆడే ఔత్సాహికుల లీగులకు లక్షల్లో సభ్యులున్నారు. పెద్ద పోటీల ప్రేక్షకుల్లో ఎక్కువమంది వారే. 1999లో మొదలైన డెర్బీ సిటీ క్లాసిక్ వంటి పోటీలో, ఎంట్రీ ఫీజు కట్టగలిగిన ఎవరైనా పేరు ఇవ్వవచ్చు. లూయీవిల్ నగరానికి దగ్గరలో, ఒహైయో నది ఆవలి ఒడ్డున ఇండియానా రాష్ట్రంలో ఉన్న కాసినో హోటల్‌లో అది జనవరి చలిలో రోజుల తరబడి సాగుతుంది. వెల్డింగ్ పని చేసుకునే మనిషికి మొదటి రౌండులోనే ప్రపంచ విజేత ఎదురు పడవచ్చు. అతను ఓడిపోతాడనడంలో సందేహం లేదు. అతను కట్టిన ఎంట్రీ ఫీజు ప్రైజ్ మనీలో కలుస్తుంది. ఆట అయ్యాక ‘ఈ బంతి మీద మీ సంతకం కావాలి’ అని అడిగితే ‘పది డాలర్లు’ అని బదులు వస్తే, అతని చేత అదే సాయంత్రం రెండోసారి డబ్బు కట్టించినట్టవుతుంది. పెద్ద క్రీడల్లో అభిమాని తన ఆరాధ్య ఆటగాడి బహుమతికి ఇలా నేరుగా సొమ్ము జమచేయడం అరుదు. ఈ ఒక్క విషయం పట్టించుకోకుండా ధర గురించి ఎంత చర్చించినా అది గాలిలోనే ఉంటుంది.

ఆ అభిమాని కొనేది టికెట్టు ఒక్కటే కాదు. క్యూ కర్ర, దాని సంచి, కర్ర మొనకు రుద్దే చాక్, చేతి తొడుగు, శిక్షణ వీడియో, ఇవన్నీ కొనేదీ అతనే. అమెరికా ఆటగాడు షేన్ వాన్ బోనింగ్ ఏళ్ల తరబడి ఒక క్యూ తయారీ కంపెనీ పేరుతో ముడిపడి ఉన్నారంటే, ఆయనను చూసి అదే కర్ర కొనే ఔత్సాహికులు ఉన్నారన్న నమ్మకంతోనే ఆ కంపెనీ ఆయన వెంట నిలిచింది. ప్రైజ్ మనీకి నిలకడ లేని ఆటలో స్పాన్సర్ ఇచ్చే సొమ్మే నెలనెలా ఆటగాడిని నిలబెట్టేది. ఆ స్పాన్సర్ కొంటున్నది ఆటగాడి మీద జనానికున్న ఇష్టాన్నే. కాబట్టి బల్ల దగ్గర పది డాలర్లకు నొప్పించిన మనిషి రేపు అయిదు వందల డాలర్ల కర్ర వేరే కంపెనీది కొంటే, నష్టపోయింది ఆ ఆటగాడే. ఒక పోటీలో నలభై మంది దగ్గర పదేసి డాలర్లు వసూలు చేశాడనుకుందాం. నాలుగు వందలు వస్తాయి. రెండు మూడు రాత్రుల హోటల్ ఖర్చు గడుస్తుంది. దానికోసం వదులుకున్నది లెక్కలోకి వచ్చేసరికి ఏళ్లు పడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

పేరు, డబ్బు, సంతకం ఈ మూడింటి సంబంధం పూల్ చరిత్రలో ఇద్దరి జీవితాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఫిలడెల్ఫియాకు చెందిన విల్లీ మొస్కోనీ 1941, 1957 మధ్య 15 సార్లు స్ట్రెయిట్ పూల్ అనే రకం ఆటలో ప్రపంచ టైటిల్ గెలిచారు. 1954లో ఒహైయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వరుసగా 526 బంతులను తప్పు లేకుండా పాకెట్లలో వేసిన ఆయన రికార్డు అరవై ఏళ్లకు పైగా నిలిచింది. గమనించవలసినది ఏమంటే, అది ఏ పోటీలోనో కాదు, ఊరివాళ్ల ముందు ఇచ్చిన ఒక ఎగ్జిబిషన్‌లో జరిగింది. బ్రన్స్‌విక్ అనే బల్లల తయారీ కంపెనీ తరఫున ఆయన ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి అలాంటి ప్రదర్శనలు ఇచ్చారు. ఆటగాడిని జనం దగ్గరికి పంపే ఖర్చు కంపెనీ పెట్టుకుంది. జనం బల్లలు కొన్నారు. ఆయనతో కరచాలనానికీ కబుర్లకూ విడిగా రుసుము పెట్టవలసిన అవసరమే ఆ ఏర్పాటులో లేదు.

రెండో మనిషి రుడాల్ఫ్ వాండరోన్. ఈయన చెప్పుకోదగ్గ పెద్ద టోర్నమెంటు ఒక్కటీ గెలవలేదు. 1961లో పూల్ పందేల మీద వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలోని మిన్నెసోటా ఫ్యాట్స్ అనే పాత్రకు తానే మూలమని చాటుకుని, ఆ పేరునే తన పేరుగా పెట్టుకున్నారు. ఆ చిత్రానికి సాంకేతిక సలహాదారుగా పనిచేసిన మొస్కోనీకి ఇది జీవితాంతం మింగుడుపడలేదు. కానీ సామాన్య అమెరికనుకు తెలిసిన పూల్ ఆటగాడు మొస్కోనీ కాదు, ఫ్యాట్సే. 1978లో న్యూయార్క్‌లో వీరిద్దరి మధ్య టీవీ కోసం ఏర్పాటు చేసిన పోటీని లక్షలాది మంది చూశారు. మొస్కోనీ గెలిచారు, జనానికి మాత్రం ఫ్యాట్స్ మాటలే గుర్తుండిపోయాయి. వాండరోన్ సొమ్ము చేసుకున్నది తన సంతకాన్ని కాదు, తన కబుర్లకు ఏర్పడిన ఆదరణను: టీవీ కార్యక్రమాలు, ప్రదర్శనలు, ఆయన పేరుతో అమ్ముడైన పూల్ సామగ్రి. చివరి రోజుల్లో నాష్‌విల్‌లోని హెర్మిటేజ్ హోటల్‌లో నివసిస్తూ, దారిన పోయేవారికి రబ్బరు ముద్రతో ఆటోగ్రాఫ్‌లు వేసి ఇచ్చేవారు. ఆ ముద్రకు సేకరణదారుల లెక్కలో విలువ ఎంతో చెప్పనక్కరలేదు. అయినా పుచ్చుకున్న మనిషికి దక్కింది సిరా గుర్తు కాదు, ఆయనతో గడిపిన నిమిషం. ఆ నిమిషాలను లెక్కచూడకుండా పంచినందువల్లే, టైటిళ్లు లేకపోయినా ఆయన పేరు అమ్ముడుపోయింది.

అంతమాత్రాన పూల్ ఆటగాడు ఎప్పుడూ, ఎక్కడా, దేనికీ డబ్బు తీసుకోకూడదని కాదు. అభిమాని టికెట్టో, ఎంట్రీ ఫీజో కట్టి వచ్చిన చోట, చేతిలో ఉన్న ఒకటి రెండు వస్తువుల మీద సంతకం అడిగితే అది ఉచితంగా దక్కవలసిందే. పోస్టులో పంపిన వస్తువుల సంగతి వేరు. అక్కడ విప్పడం, సంతకం చేయడం, మళ్లీ కట్టి పంపడం అన్నీ పనే, దానికి ధర పెట్టడంలో ఏ మొహమాటమూ అక్కరలేదు. ఒక దుకాణం తమ అమ్మకాలు పెంచుకోవడానికి ఆటగాడిని రెండు గంటలు కూర్చోబెడితే ఆ రెండు గంటల సొమ్ము దుకాణమే ఇవ్వాలి. ఆటగాడు తానే అచ్చువేయించుకున్న పోస్టరో, చొక్కానో అమ్మి దాని మీద సంతకం చేస్తే, అభిమాని కొన్నది వస్తువు, సంతకం దానికి తోడు. ఈ పద్ధతిలో ఎవరి మనసూ నొచ్చుకోదు. పాఠం చెప్పే గంటకు, సరదా కోసం ఆడించుకునే ఒక రాక్‌కు (ఒక విడత ఆటకు) డబ్బు తీసుకోవడం ఈ ఆటలో ఎప్పటినుంచో ఉన్నదే. నేర్పే విద్యకు విలువ ఇవ్వడానికి ఔత్సాహికులు వెనుకాడరు కూడా.

వేల డాలర్ల ఖరీదు చేసే చేతి తయారీ క్యూ కర్ర మీద సంతకం అడిగేవారి విషయంలో ఇంకొంచెం ఆలోచన అవసరం. కర్రను రోజూ వాడితే చేతి చెమటకు సిరా చెరిగిపోతుంది; సంతకం నిలవాలంటే దానిపై పారదర్శకమైన పూత వేయించాలి, లేదా కర్రను అద్దాల పెట్టెలో పెట్టాలి. అలా దాచేవారిలో ఎక్కువమంది ఆడేవారు కాదు, సేకరించేవారు. అలాంటి చోట ఆటగాడు ధర అడిగితే అది ఒక వస్తువు విలువను పెంచినందుకు అడిగిన ధరే అవుతుంది. పిల్లల విషయంలో మాత్రం ఇలాంటి తర్జనభర్జన ఏదీ అక్కరలేదు. పదేళ్ల పిల్ల చాక్ ముక్క చేతికిచ్చి సంతకం అడిగినప్పుడు డబ్బు మాట ఎత్తకూడదు, వాళ్ల నాన్న దగ్గర కూడా.

సమయం సంగతి అభిమానులకూ చెప్పాలి. ఎదుటివాడు ఆడుతుండగా కుర్చీలో కూర్చుని తన వంతు కోసం చూస్తున్న ఆటగాడు విశ్రాంతి తీసుకుంటున్నట్టు కనిపించవచ్చు. నిజానికి అతను బల్ల మీది ప్రతి బంతినీ లెక్కవేస్తూ ఉంటాడు. అప్పుడు పెన్ను చాచడం తప్పు. ఆటకు ముందు అరగంటా అంతే. ఓడిన మరుక్షణం అడగడం తప్పని అనలేం గాని, ఒక పది నిమిషాలు ఆగడం మర్యాద. కొందరు ఆటగాళ్లు డబ్బు అడగడం వెనుక ఈ చిరాకు కూడా ఉంటుంది. ధర చెబితే అడిగేవాళ్లు తగ్గుతారన్నది వారి ఆశ. ఆ పని ధరకన్నా వేళలు ప్రకటించడం వల్ల బాగా జరుగుతుంది.

అమెరికాలోనే మోటార్ రేసింగ్‌లో దీనికి చక్కని నమూనా ఉంది. నాస్కార్ డ్రైవర్ల ఫొటోలతో స్పాన్సర్లు ‘హీరో కార్డులు’ అచ్చువేయిస్తారు; డ్రైవర్లు ప్రకటించిన వేళకు వచ్చి వాటి మీద సంతకం చేసి అభిమానులకు ఉచితంగా ఇస్తారు. కార్డు మీద స్పాన్సర్ గుర్తు ఉంటుంది, అది అభిమాని ఇంటి గోడ మీద ఏళ్ల తరబడి ఉంటుంది. డ్రైవర్ చేసిన పనికి విలువ అతని ఒప్పందంలోనే ఉంది. పూల్‌కు అంత డబ్బున్న స్పాన్సర్లు లేకపోవచ్చు, కానీ ఒక కార్డు అచ్చువేయడానికి, రోజుకో గంట కేటాయించడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పెన్సిల్వేనియాలో జరిగే సూపర్ బిలియర్డ్స్ ఎక్స్‌పో వంటి చోట వరుసగా సామగ్రి స్టాళ్లు ఉంటాయి, వేలాది ఔత్సాహికులు తిరుగుతుంటారు. ఏ స్టాల్‌లో ఏ ఆటగాడు ఎన్ని గంటలకు కూర్చుంటాడో బోర్డు పెట్టి, ఆ గంటకు ఆటగాడికి స్టాల్ యజమాని రుసుము ఇస్తే, అభిమాని జేబు తడమకుండానే ఆటగాడికి సొమ్ము అందుతుంది, స్టాల్ ముందు జనమూ చేరతారు.

అభిమానుల ఇష్టం వట్టి మాట కాదని చెప్పే ఉదాహరణ కూడా ఈ ఆటలోనే ఉంది. ‘బ్లాక్ విడో’ పేరుతో 1990లలో పూల్‌ను టీవీ ప్రేక్షకులకు దగ్గర చేసిన జనెట్ లీకి నాలుగో దశ అండాశయ క్యాన్సర్ ఉన్నట్టు 2021లో వెల్లడైంది. ఆమె ముగ్గురు కూతుళ్ల భవిష్యత్తు కోసం తెరిచిన నిధికి అభిమానులు పెద్ద ఎత్తున విరాళాలు పంపారు. పింఛను లేని ఆటలో, కష్టకాలంలో ఆమె కుటుంబానికి అండగా వచ్చింది ఆ జనమే. వారిలో చాలామంది ఎప్పుడో ఒకనాడు ఏ పూల్ హాల్లోనో, ప్రదర్శనలోనో ఆమెను దగ్గరగా చూసినవారే అయి ఉంటారు.

ఇక మిగిలింది, ఎవరు ముందు కదలాలి అన్నది. ఆ బరువును నలభయ్యో స్థానంలో ఉన్న ఆటగాడి మీద వేయడం తగదు. సంతకానికి డబ్బు అడగాలన్న ఆలోచన అతనికి వచ్చిందే హోటల్ బిల్లు వల్ల. ప్రైజ్ మనీ ప్రకటనల్లో మొదటి స్థానపు అంకెను పెద్ద అక్షరాల్లో వేసే నిర్వాహకులు, ఆహ్వానించిన ఆటగాళ్లకు కనీసం గది అద్దె భరించి, బదులుగా రోజుకో గంట ఆటోగ్రాఫ్‌లకు కూర్చోవాలని ఒప్పందంలో రాసుకోవచ్చు. ఆ గంట వేళ టికెట్టు వెనుకే అచ్చయి ఉంటే, బంతి పట్టుకుని వచ్చిన అభిమానికి ఎప్పుడు అడగాలో తెలుస్తుంది, ఆటగాడికీ తాను ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నాడో తెలుస్తుంది.